ఇంటర్వ్యూలోనే కంపెనీ సంగతి పసిగట్టడం ఎలా?

సాయంకాలపు_గాలి

అందరికీ నమస్కారం. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం పర్వాలేదు, కానీ ఎదుగుదల లేదు. అందుకని బయట చూస్తున్నాను. ఒక కంపెనీలో మొదటి రౌండ్ అయింది, వచ్చే వారం రెండోది. పని నచ్చింది కానీ కొన్ని విషయాలు మనసులో గుచ్చుకుంటున్నాయి.

ప్రకటనలో రాసిన పని ఒకటి, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ ఇంకో పని గురించి. జీతం సంగతి ఎత్తితే "ముందు మీ సత్తా చూపించండి, డబ్బు దానంతట అదే వస్తుంది" అన్నారు. నాకు ముందు ఆ సీట్లో ఉన్నవాళ్లెవరూ ఏడాది నిలవలేదని మాటల మధ్యలో తెలిసింది. ఎందుకని అడిగితే "ప్రెజర్ తట్టుకోలేకపోయారు" అన్నారు మేనేజర్. చివర్లో "ఇక్కడ అందరం ఒక కుటుంబం" అన్నారు.

వీటిలో ఏవి నిజంగా ఆలోచించాల్సినవి, ఏవి నేను అతిగా పట్టించుకుంటున్నవి? ఉన్న ఉద్యోగం వదులుకుని వెళ్లాలి కాబట్టి టెన్షన్‌గా ఉంది. రెండో రౌండ్‌లో ఏం అడిగితే అసలు సంగతి తెలుస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రెండోషిఫ్ట్

కుటుంబం అన్నారంటే ఇంక వేరే చెప్పక్కర్లేదు. సెలవు రోజు ఫోన్ చేసినా ఎత్తాలి, జీతం పెంచమని అడిగితే మొహం మాడ్చుకుంటారు. నేనైతే రెండో రౌండ్‌కే వెళ్లను.

పాతకాపు

గాలి గారూ, నేను చాలా ఏళ్లుగా ఇంటర్వ్యూ బల్లకు రెండు వైపులా కూర్చుంటున్నాను. మీరు చెప్పినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది మూడోది. ఆ సీట్లో మనుషులు నిలవకపోవడం ఒక సంగతి, దానికి మేనేజర్ చెప్పిన కారణం ఇంకో సంగతి. ఒకరు వెళ్లిపోతే ఆ మనిషి వైపు కారణం ఉండొచ్చు. వరసగా అందరూ వెళ్లిపోతుంటే ఆ పనిలోనో, పైనున్నవాళ్లలోనో ఏదో ఉంది. "మేం కూడా కొన్ని మార్చుకున్నాం" అని ఒక్క మాట రాలేదంటే మీరు చేరాక కూడా పరిస్థితి అలాగే ఉంటుంది. వెళ్లిపోయినవాళ్లను పరిచయం లేని మనిషి ముందు తక్కువ చేసి మాట్లాడేవారు రేపు మీ గురించీ అలాగే మాట్లాడతారు.

రెండో రౌండ్‌లో నేరుగా అడగండి: "ఈ ఖాళీ ఎలా వచ్చింది? ఇంతకుముందు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?" ఇది మామూలు ప్రశ్నే, ఎవరూ తప్పు పట్టరు. కొత్తగా పెట్టిన పోస్టు అంటే ఏ అవసరం వచ్చి పెట్టారో, బడ్జెట్ ఖాయమైందో లేదో అడగండి. పాతవాళ్లు ప్రమోషన్ మీద వెళ్లారు, ఇంకో టీమ్‌కి మారారు అంటే మంచి కబురే. వీలైతే వాళ్లతో ఒక పది నిమిషాలు మాట్లాడించమని కోరండి. "మానేశారు" అని ఆపేస్తే వదలకుండా "ఆ తర్వాత ఈ పనిలో ఏమైనా మార్పులు చేశారా?" అనండి. మొదటి ప్రశ్నకు ఎవరి దగ్గరైనా తయారు చేసి పెట్టుకున్న జవాబు ఉంటుంది. దాని వెనకే వచ్చే ప్రశ్నకు ఉండదు. నేను ఎప్పుడూ ఆ రెండో జవాబు కోసమే చూస్తాను.

ఇంకోటి. ఒకే ప్రశ్నను వేర్వేరు మనుషులను విడివిడిగా అడగండి. "చేరిన మొదటి ఆరు నెలల్లో నేను ఏం సాధిస్తే మీకు తృప్తి?" అని హెచ్‌ఆర్‌ను, మేనేజర్‌ను, వీలైతే టీమ్‌లో ఒకరిని అడగండి. మాటలు వేరుగా ఉన్నా సారాంశం ఒకటైతే ఆ పని ఏమిటో లోపల అందరికీ తెలుసు. హెచ్‌ఆర్ "కొత్త విభాగాన్ని నడిపించాలి" అని, మేనేజర్ "పాత పెండింగ్ పనులు తీర్చాలి" అని అన్నారనుకోండి, చేరిన రోజు నుంచే మీకు తలనొప్పి. ప్రకటనకూ ప్రశ్నలకూ పొంతన లేదన్నారు కదా, మీ విషయంలో ఈ పరీక్ష తప్పక చేయాలి.

నిమ్మళం

నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. పాతకాపు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే మా వైపు మాట కూడా చెప్తాను.

ఇంటర్వ్యూ ఆలస్యంగా మొదలైందనో, చాలా రోజులు జవాబు రాలేదనో, తేదీ రెండుసార్లు మారిందనో కంపెనీని కొట్టిపారేయకండి. లోపల బడ్జెట్ ఆమోదం ఆగి ఉండొచ్చు, ఇంటర్వ్యూ చేయాల్సిన మనిషి సెలవులో ఉండొచ్చు. ఆలస్యమవుతుందని ముందే ఒక మెసేజ్ పెట్టారా, వచ్చాక సారీ చెప్పారా అన్నది చూడండి. ప్రకటన తేడాకు కూడా చాలాసార్లు కారణం ఒక్కటే, పాత ప్రకటనను ఎవరో కాపీ చేసి పెట్టేస్తారు. అయినా దాన్ని అలా వదిలేయకూడదు. "ఈ పోస్టు వివరాలు రాతలో పంపగలరా?" అని మెయిల్ పెట్టండి. పద్ధతైన చోట అది పెద్ద పని కాదు.

"కుటుంబం" అన్న మాటతో నాకు గొడవ లేదు రెండోషిఫ్ట్ గారూ. మంచి మనసుతో అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట వినగానే పారిపోవడం కంటే ఒక చిన్న ప్రశ్న వేయడం మేలు: "ఈ మధ్య టీమ్‌లో ఎవరైనా చాలా రోజులు సెలవు పెట్టాల్సి వచ్చిందా? అప్పుడు పని ఎలా సర్దుకున్నారు?" నిజంగా కలిసిమెలిసి ఉండే చోట ఠక్కున ఒక ఉదాహరణ చెప్తారు. "మా వాళ్లు అసలు సెలవే పెట్టరు" అని గొప్పగా చెప్తే మాత్రం రెండోషిఫ్ట్ గారి సలహా పాటించండి.

చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. ఇంటర్వ్యూను ఎంత పద్ధతిగా నడిపారో చూడండి. అందరు అభ్యర్థులనూ పనికి సంబంధించిన ఒకే రకం ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న కొలతల ప్రకారం మార్కులు వేసే ఇంటర్వ్యూలు, అప్పటికప్పుడు తోచింది అడిగే ఇంటర్వ్యూల కంటే మనిషి పనితీరును బాగా అంచనా వేస్తాయని ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 1998లో చూపించారు. 2022లో పాల్ శాకెట్, ఆయన తోటి పరిశోధకులు ఆ పాత లెక్కలను సరిచేసి చాలా అంచనాలను తగ్గించారు. అయినా పద్ధతిగా చేసే ఇంటర్వ్యూయే పైన నిలిచింది. అంటే మీకు కష్టమైన, సూటి ప్రశ్నలు ఎదురైతే అది మంచి గుర్తు. పని గురించి ఒక్క ప్రశ్న లేకుండా పావుగంటలో "సెలెక్ట్ అయ్యారు, రేపే చేరండి" అంటే, వాళ్లకు కావాల్సింది మీరు కాదు, ఖాళీ సీట్లో ఎవరో ఒకరు.

రెండోషిఫ్ట్

నిమ్మళం గారూ, సెలవు గురించి అడగమన్న ప్రశ్న బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నేను చూసిన చోట్ల ఆ మాట వాడింది పని గంటల గురించి అడిగినప్పుడే. అడిగినదానికి జవాబు ఇవ్వకుండా అనుబంధం గురించి మాట్లాడితే నాకు అనుమానమే.

నిమ్మళం

అది వేరే సంగతి. ప్రశ్నకు బదులుగా ఆ మాట వస్తే నాకూ అనుమానమే.

కొత్తడిగ్రీ

అన్నయ్యలూ అక్కలూ, నాది వేరే సమస్య. చదువు ఇప్పుడే అయింది. ఒకచోట సెలెక్ట్ చేశామని చెప్పి, ట్రైనింగ్‌కి డిపాజిట్ కట్టమంటున్నారు, చేరాక జీతంతో కలిపి తిరిగి ఇస్తారట. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే పెట్టాలట. ఇంటర్వ్యూ అంతా మెసేజుల్లోనే జరిగింది. అందరూ ఇలాగే అడుగుతారా?

ఇసుకతిన్నె

తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టకు. ఒరిజినల్స్ ఇవ్వకు.

నేను కార్మికుల సమస్యల మీద పనిచేసే సంస్థలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పైన చర్చలో ఉన్నవి ఆలోచించి తేల్చుకోవాల్సినవి. నువ్వు చెప్పినవి అలాంటివి కావు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇవ్వాలి, డబ్బు తీసుకోకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒడంబడికలో ఏడో అధికరణం ఇదే చెప్తుంది: ప్రైవేటు నియామక ఏజెన్సీలు కార్మికుల దగ్గర నేరుగా గానీ, మరో రూపంలో గానీ, పూర్తిగా గానీ, కొంత గానీ ఫీజు వసూలు చేయకూడదు. కొన్ని వర్గాల విషయంలో ప్రభుత్వాలు మినహాయింపు ఇవ్వొచ్చు, ఆ ఒడంబడికను ఆమోదించని దేశాలూ ఉన్నాయి. అయినా సూత్రం అదే. గుర్తింపు పత్రాలను దగ్గర పెట్టుకోవడాన్ని అదే సంస్థ బలవంతపు చాకిరీకి సంబంధించిన 11 సూచికల్లో ఒకటిగా లెక్కపెడుతుంది. మోసం చేయడం, జీతం ఆపడం, అప్పులో ఇరికించడం, మితిమీరిన ఓవర్‌టైమ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఒరిజినల్స్ చూపించి, కాపీ ఇచ్చి, అక్కడికక్కడే వెనక్కి తీసుకోవాలి. అంతకు మించి ఎవరికీ అవసరం లేదు.

ఇంకా, మనిషి మొహం చూడకుండా, గొంతు వినకుండా మెసేజుల్లోనే ఇంటర్వ్యూ పూర్తయిందంటే అసలు కంపెనీ ఉందో లేదో ముందు తేల్చుకో. వాళ్లిచ్చిన నంబర్‌కి కాదు, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి "ఈ పోస్టు మీరు ఇచ్చారా?" అని అడుగు. పేరున్న కంపెనీ పేరు వాడుకుని, మెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం మార్చి పంపేవాళ్లు ఉన్నారు. ఇంకో రకం మోసం కూడా ఉంది. ల్యాప్‌టాప్ కొనుక్కోమని నీకు చెక్ పంపి, ఎక్కువ వచ్చిన మొత్తాన్ని వేరే ఖాతాకు పంపించమంటారు. తర్వాత ఆ చెక్ చెల్లదు, నువ్వు పంపిన డబ్బు మాత్రం పోతుంది. బ్యాంకు వివరాలు, ఓటీపీలు ఎవరడిగినా ఇవ్వకు.

కొత్తడిగ్రీ

చాలా థాంక్స్ అన్నా. వెబ్‌సైట్ నంబర్‌కి ఫోన్ చేశాను. అలాంటి పోస్టే లేదన్నారు. నా స్నేహితులు కూడా అప్లై చేశారు, వాళ్లకూ చెప్తాను. ఆ పేరు ఇక్కడ పెట్టనా?

మోడరేటర్

కొత్తడిగ్రీ, పేర్లు ఇక్కడ పెట్టొద్దు. ఎవరి పేరైతే వాడుకున్నారో ఆ కంపెనీకి, సైబర్ నేరాల విభాగానికి స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు చేయండి. మిగతావాళ్లు కూడా తమ అనుభవాలు చెప్పేటప్పుడు కంపెనీల పేర్లు రాయకండి.

ఒంటరిచెట్టు

అందరూ బాగా చెప్తున్నారు. కానీ ఒక మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఉద్యోగం పోయి నెలల తరబడి ఇంట్లో కూర్చున్న మనిషి "ఈ ఖాళీ ఎలా వచ్చింది?" అని అడగగలడా? నీళ్లలో మునుగుతున్నవాడు దగ్గరికొచ్చిన పడవ రంగు చూడడు. ఇంట్లో ఖర్చులు ఆగవు. మీరు చెప్పే గుర్తులన్నీ నాకు వచ్చిన ఆఫర్‌లో ఉన్నాయి. జీతం తక్కువ, నోటీసు పీరియడ్ ఎక్కువ, ఆరు రోజుల పని. అయినా చేరుతున్నాను. నాలాంటివాళ్లకు ఈ చర్చ వల్ల ఉపయోగం ఏమిటి?

పాతకాపు

ఉపయోగం ఉంది తమ్ముడూ. మీరు చేరడం సరైనదే. ఇంటి పరిస్థితి అలా ఉన్నప్పుడు చేరకుండా ఉండమని సలహా ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. కానీ ఏం జరగబోతుందో తెలిసి చేరడానికీ, తెలియక చేరడానికీ చాలా తేడా ఉంది.

తెలిసి చేరితే మొదటి రోజు నుంచే కొన్ని పనులు చేయొచ్చు. ఆఫర్ లెటర్, కాంట్రాక్టు, జీతం స్లిప్పులు, మీ హాజరు రికార్డు, అన్నిటి కాపీలూ సొంత మెయిల్‌లో పెట్టుకోండి. కంపెనీ రహస్య పత్రాలు మాత్రం కాదు, మీకు సంబంధించినవే. నోటి మాటగా చెప్పిన ప్రతి హామీని అదే రోజు చిన్న మెయిల్‌గా రాసి పంపండి. నోటీసు పీరియడ్ ఎక్కువ అన్నారు కదా, అది రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. మీరు మానేయాలంటే మూడు నెలలు, వాళ్లు తీసేయాలంటే వారం అని ఉంటే, సంతకానికి ముందు ఒక్కసారి మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల మారుస్తారు. మార్చకపోయినా మీరు పోగొట్టుకునేది లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, చేరాక కూడా వెతకడం ఆపకండి. జీతం వస్తూ ఉండగా వెతికితే ఇప్పుడు అడగలేని ప్రశ్నలు అప్పుడు అడగగలుగుతారు.

ఒంటరిచెట్టు

నోటీసు పీరియడ్ సంగతి చూస్తాను. ధన్యవాదాలు.

తెరచాప

ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని విషయం చెప్పాలి. "పెళ్లయిందా? పిల్లల్ని ఎప్పుడు కనాలనుకుంటున్నారు? మీ ఆయన పనికి పంపిస్తారా?" ఇవన్నీ నన్ను ఒకే ఇంటర్వ్యూలో అడిగారు. నా పక్కన వెయిట్ చేసిన మగ అభ్యర్థులను ఇవేవీ అడగలేదు. బయటికొచ్చాక వాళ్లతో మాట్లాడి తెలుసుకున్నాను.

నేను కోపం చూపించకుండా "ఈ ప్రశ్నకు, పనికి సంబంధం ఏమిటో చెప్తారా? రాత్రి షిఫ్టులు, ప్రయాణాలు ఉంటే చెప్పండి, వాటికి జవాబు ఇస్తాను" అన్నాను. వాళ్ల అసలు ఆందోళన షిఫ్టులే అయితే అక్కడితో సర్దుకుంటారు. నా విషయంలో ఒకాయన నవ్వేసి "ఊరికే అడిగాం, సీరియస్‌గా తీసుకోకండి" అన్నారు. ఆ గదిలో ఇంకో మహిళా ఉద్యోగి ఉన్నారు. ఆవిడ తల దించుకుని కూర్చున్నారు. ఆవిడను మాట మధ్యలో ఆపేశారు, నీళ్లు తెమ్మని పంపించారు. నేను ఆ ఉద్యోగం వద్దనుకున్నది నన్ను అడిగిన ప్రశ్నల కంటే ఆవిడతో ప్రవర్తించిన తీరు వల్ల.

అందుకే అందరికీ చెప్తాను, అబ్బాయిలకు కూడా. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీతో ఎలాగూ కాస్త జాగ్రత్తగానే మాట్లాడతారు. గదిలో తమ కిందివాళ్లతో, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయితో, తలుపు దగ్గరి సెక్యూరిటీ మనిషితో ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. రేపు మీరు ఉండబోయేది ఆ స్థానంలోనే.

వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒడంబడిక ఉద్యోగం కోసం వెతుకుతున్నవాళ్లకు, దరఖాస్తు చేసినవాళ్లకు కూడా రక్షణ ఉండాలని స్పష్టంగా చెప్తుంది. ఇంకా ఉద్యోగంలో చేరలేదు కదా, మనకేం హక్కు అనుకోకండి.

రెండోషిఫ్ట్

తెరచాప గారూ, రిసెప్షన్ దగ్గర గమనించమన్నది నేను తప్పకుండా పాటిస్తాను. ఇంకోటి కలుపుతాను. "స్ట్రెస్ ఇంటర్వ్యూ" పేరుతో అభ్యర్థిని అవమానించేవాళ్లు ఉన్నారు. రెజ్యూమే విసిరేయడం, "ఇది కూడా తెలీదా" అని నవ్వడం. కష్టమైన ప్రశ్న అడగడం వేరు, మనిషిని చిన్నబుచ్చడం వేరు. పరీక్ష కోసమే అలా చేశాం అని తర్వాత చెప్పినా నేను నమ్మను.

అంకెలమనిషి

గాలి గారి జీతం ప్రశ్న మరుగున పడిపోయింది, దానికి వస్తాను. "ముందు సత్తా చూపించండి" అన్నది నాకు ఏమాత్రం నచ్చలేదు. ప్రతి పోస్టుకూ ముందే బడ్జెట్ ఉంటుంది. వాళ్లకు అంకె తెలుసు, మీకు చెప్పడం లేదు, అంతే. జీతం అడగడం ఆశపోతుతనం అన్నట్టు మనల్ని సిగ్గుపడేలా చేయడం ఇంకా తప్పు.

ఈ విషయంలో లోకం మారుతోంది కూడా. 2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశం ప్రకారం ప్రారంభ జీతం ఎంతో, లేదా ఎంత నుంచి ఎంత వరకో అభ్యర్థికి ముందుగానే చెప్పాలి. పాత ఉద్యోగంలో జీతం ఎంత అని అడగకూడదు. సభ్య దేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తేవడానికి పెట్టిన గడువు 2026 జూన్ 7. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచే ఉద్యోగ ప్రకటనల్లో జీతం రాయాలంటోంది. మీరున్న చోట అలాంటి చట్టం లేకపోయినా, అడగడం తప్పు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

"ఈ పోస్టుకు మీరు అనుకున్న జీతం ఎంత నుంచి ఎంత వరకు?" అని అడగండి. మీ అంకె ముందు చెప్పకండి. వాళ్లు చెప్పాక అందులో ఖాయమైనది ఎంత, పనితీరు మీద ఇచ్చేది ఎంత అని విడగొట్టించండి. ఇక్కడ నేను తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది: "ఆ రెండో భాగంలో గత ఏడాది టీమ్‌కి నిజంగా ఎంత శాతం వచ్చింది?" ప్యాకేజీ పెద్దగా కనిపించి చేతికి తక్కువ రావడానికి కారణం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ప్రొబేషన్‌లో జీతం వేరా, ఓవర్‌టైమ్‌కి డబ్బిస్తారా, జీతం ఏ తేదీన పడుతుంది అన్నవీ అడగండి. జీతం తేదీ అడిగినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే జాగ్రత్తపడండి.

నాడి

నేను డాక్టర్‌ని. పని గంటల గురించి ఒక్క విషయం చెప్పి వెళ్తాను. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, ఇస్కీమిక్ గుండె జబ్బుతో (గుండెకు రక్తం సరిగా అందకపోవడం) చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఒక్క 2016లోనే ఇలాంటి పని గంటల వల్ల ఏడు లక్షల నలభై ఐదు వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. పని గంటల గురించి అడిగితే బద్ధకస్తుడు అనుకుంటారేమో అని మొహమాటపడేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు, నిద్ర లేక, బీపీ పెరిగి. దయచేసి అడగండి.

పాతకాపు

నాడి గారూ, చాలా మంచి మాట చెప్పారు. ఎలా అడగాలో నేను చెప్తాను. "పని ఒత్తిడి ఎలా ఉంటుంది?" అంటే అందరూ "బాగానే ఉంటుంది" అంటారు. దానివల్ల ఏమీ తెలియదు. "మొన్న మంగళవారం మీ టీమ్ ఎన్నింటికి ఇంటికెళ్లింది?", "చివరిసారి డెడ్‌లైన్ దాటిపోయినప్పుడు ఏం జరిగింది?", "అర్ధరాత్రి సమస్య వస్తే ఎవరు చూస్తారు, వంతులున్నాయా?" ఇలా జరిగిపోయినదాని గురించి అడగండి. జరగబోయేదాని గురించి ఎంత అందంగానైనా చెప్పొచ్చు. జరిగినదాని గురించి అప్పటికప్పుడు కల్పించి చెప్పడం కష్టం. ఈ ప్రశ్నలు మేనేజర్ కంటే మీతో సమాన స్థాయిలో పనిచేయబోయే మనిషిని అడిగితే ఇంకా మంచిది. టీమ్‌లో ఒక్కరితో కూడా మాట్లాడనివ్వం అని వాళ్లు అంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

తెరచాప

టెస్ట్ పేరుతో పని చేయించుకోవడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా చెల్లి డిజైనర్. వాళ్లిచ్చిన "అసైన్‌మెంట్" ఒక నిజమైన క్లయింట్ ప్రచారం. రాత్రీ పగలూ కూర్చుని చేసి పంపింది. ఆ తర్వాత జవాబు లేదు.

నిమ్మళం

అది దోపిడీ. మా దగ్గర పెట్టే టెస్ట్ రెండు గంటల్లో అయిపోతుంది, ఊహించి రాసిన సమస్య మీద ఉంటుంది, అందరికీ అదే ఇస్తాం. అలా లేనప్పుడు మీ చెల్లెలు మొదలుపెట్టే ముందే "దీన్ని ఎక్కడ వాడతారు? హక్కులు ఎవరివి?" అని అడగొచ్చు. లేదా "నేను ఇంతకుముందు చేసిన పనులు చూపించి, ఎలా ఆలోచించానో వివరిస్తాను" అనొచ్చు. నైపుణ్యం చూడాలనుకునేవాళ్లకు అది చాలు. పంపేటప్పుడు పూర్తి ఫైళ్లు కాకుండా, వాటర్‌మార్క్ వేసిన తక్కువ నాణ్యత బొమ్మలు పంపమనండి.

సాయంకాలపు_గాలి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నలు రాసుకున్నాను. ఆన్‌లైన్ రివ్యూలు కూడా చూశాను, సగం ఆహా ఓహో అంటున్నాయి, సగం తిడుతున్నాయి. వాటిని ఎంత నమ్మాలి? అలాగే "ఆరు నెలల తర్వాత మీ హోదా మారుస్తాం" అని ఫోన్‌లో చెప్పారు. దాన్ని రాతలో ఎలా అడగాలి?

అంకెలమనిషి

స్టార్‌లు వదిలేసి వివరాలు చదవండి. ఒకే వారంలో, ఒకే తీరు మాటలతో వచ్చిన పొగడ్తలను పక్కన పెట్టండి. కోపంతో రాసిన ఒక్క రివ్యూనూ పక్కన పెట్టండి. వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు మనుషులు ఒకే నిర్దిష్టమైన ఫిర్యాదు రాస్తే, ఉదాహరణకు "చివరి సెటిల్‌మెంట్ నెలలు ఆపారు" అని, అది నమ్మండి. ఆ రివ్యూల కింద కంపెనీ ఇచ్చిన జవాబులూ చూడండి. సమస్యను ఒప్పుకున్నారా, రాసినవాళ్లను తిట్టారా? లింక్డ్‌ఇన్‌లో మీ సీట్లో పనిచేసి మానేసినవాళ్లు దొరికితే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. ఊహించినదానికంటే ఎక్కువమంది జవాబిస్తారు.

హామీ విషయంలో అడిగినట్టు కాకుండా, గుర్తు చేసుకుంటున్నట్టు రాయండి: "ఈ రోజు మాట్లాడినందుకు ధన్యవాదాలు. నాకు అర్థమైనంత వరకు ఆరు నెలల తర్వాత పనితీరు చూసి నా హోదా మారుస్తారు. ఆ సమీక్ష ఎవరు చేస్తారో, ఏ అంశాలు చూస్తారో ఆఫర్ లెటర్‌లో చేర్చగలరా? నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిచేయండి." ఒప్పుకుంటే రాతలో వస్తుంది. "అవన్నీ లెటర్‌లో పెట్టం, మా మాట నమ్మండి" అంటే ఆ హామీ లేదనుకుని, మిగిలిన జీతానికి, మిగిలిన పనికి వెళ్లాలనిపిస్తుందో లేదో చూసుకోండి.

ఆఫర్ లెటర్ సంతకాలతో చేతికి వచ్చి, చదివి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ లాంటి షరతులు ఏమైనా ఉన్నాయో చూసుకునేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. ఫోన్‌లో "మీరు పేపర్ వేసేయండి, లెటర్ వచ్చేస్తుంది" అన్నా సరే.

కొత్తడిగ్రీ

అంకెలమనిషి గారూ, నాకు ఇంకోచోట నిజమైన ఆఫర్ వచ్చింది! కానీ ఈ రోజు సాయంత్రంలోగా సంతకం పెట్టాలంటున్నారు. రెండేళ్ల బాండ్ కూడా ఉంది.

అంకెలమనిషి

అభినందనలు తమ్ముడూ. ముందు మెయిల్‌లో ఇలా రాయి: "ఆఫర్‌కి చాలా సంతోషం. చేరాలన్న ఆసక్తి ఉంది. కాంట్రాక్టు పూర్తిగా చదివి శుక్రవారంలోగా సంతకం చేసి పంపుతాను." రెండు మూడు రోజులు అడగడం చాలా మామూలు, దానికే ఆఫర్ వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు.

ఈలోగా బాండ్‌లో మూడు విషయాలు చూడు. మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తానికి, వాళ్లు నిజంగా ఇచ్చే ట్రైనింగ్ ఖర్చుకు పొంతన ఉందా? నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, చివరి రోజు దాకా అంతే ఉంటుందా? వాళ్లే నిన్ను తీసేస్తే కూడా కట్టాలా? మూడోదానికి అవును అని ఉంటే సంతకం పెట్టకుండా మళ్లీ ఇక్కడ రాయి. ఖాళీ చెక్ అడిగితే ఇవ్వకు. ఇసుకతిన్నె గారు చట్టం సంగతి చూసి చెప్తారు.

ఇసుకతిన్నె

బాండ్ పేజీల్లో నీ పేరు, కంపెనీ పేరు కొట్టేసి ఫొటో పంపు తమ్ముడూ. ఈ రాత్రికే చదివి చెప్తాను.